సస్పెన్షన్ సభ్యురాలికా, ఓటర్లకా?

2025 మార్చి 6న నైజీరియా సెనేట్ తన సభ్యురాలు నటాషా అక్పోటి ఉదువాగన్‌ను ఆరు నెలలపాటు సస్పెండ్ చేసింది. జీతం నిలిపివేశారు, భద్రతా సిబ్బందిని ఉపసంహరించారు, కార్యాలయానికి తాళం వేశారు. 109 మంది సెనేటర్లలో మహిళలు నలుగురే. వారిలో ఒకరు ఆ విధంగా గేటు బయట నిలిచారు. ఆమె అక్కడి దాకా ఎలా వచ్చారో అర్థం కావాలంటే ఒక ఉక్కు కర్మాగారం దగ్గర మొదలుపెట్టాలి.

కోగి రాష్ట్రంలోని అజావొకుటా కర్మాగారం మన విశాఖ ఉక్కుకు దూరపు బంధువు. రెండూ సోవియట్ సహకారంతో తలపెట్టినవే. విశాఖలో 1990లో బ్లాస్ట్ ఫర్నేస్ వెలిగింది. అజావొకుటాలో మాత్రం నిర్మాణం దాదాపు పూర్తయినా ఫర్నేస్ నేటికీ వెలగలేదు. 2004లో దానిని ప్రమోద్ మిట్టల్‌కు చెందిన సంస్థకు అప్పగించారు, 2008లో ఒప్పందం రద్దు చేశారు. ఆ వివాదాన్ని తేల్చుకోవడానికి 2022లో నైజీరియా 49.6 కోట్ల డాలర్లు చెల్లించేందుకు అంగీకరించింది. ఒక్క టన్ను ఉక్కు తీయని ఫర్నేస్ కోసం ఇంత ఖర్చు! ప్రభుత్వరంగ ఉక్కును అమ్మాలా, నిలపాలా అని ఏళ్ల తరబడి వాదించుకుంటున్న మనకు ఈ లెక్క తెలిసి ఉండటం మంచిది.

ఎబిరా సమాజానికి చెందిన వైద్యుడికి, యుక్రెయిన్ మహిళకు 1979లో జన్మించిన నటాషా అబూజా విశ్వవిద్యాలయంలో న్యాయశాస్త్రం చదివి న్యాయవాది అయ్యారు. 2018లో పార్లమెంటు దిగువసభ విచారణలో అజావొకుటా గురించి ఆమె చేసిన వాదనతోనే దేశానికి పరిచయమయ్యారు. కర్మాగారాన్ని మళ్లీ ప్రైవేటు చేతుల్లో పెట్టవద్దన్నది ఆ వాదన సారాంశం. మరుసటి ఏడాది సోషల్ డెమొక్రాటిక్ పార్టీ తరఫున కోగి గవర్నరు పదవికి పోటీచేసి ఓడిపోయారు. హింస నడుమ జరిగిన ఎన్నిక అది. మరో పార్టీ మహిళా నాయకురాలు సలోమీ అబూను పోలింగ్ ముగిశాక ఇంట్లోనే సజీవదహనం చేశారు.

2023 ఫిబ్రవరిలో నటాషా పీడీపీ అభ్యర్థిగా కోగి సెంట్రల్ సెనేట్ స్థానానికి నిలబడ్డారు. పోలింగుకు ముందు ఆ ప్రాంతపు రోడ్లను తవ్వేశారు. అది భద్రత కోసమేనని రాష్ట్ర ప్రభుత్వం సమర్థించుకుంది. ఎన్నికల సంఘం అధికార పార్టీ అభ్యర్థి ఒహెరే 369 ఓట్ల ఆధిక్యంతో గెలిచినట్టు ప్రకటించింది. సెప్టెంబరులో ట్రైబ్యునల్ ఓట్లను సరిచూసి ఆ ఫలితాన్ని తిరగరాసింది, అక్టోబరు 31న అప్పీలు కోర్టు సమర్థించింది, నవంబరు 2న ఆమె ప్రమాణం చేశారు. ఎన్నికల పిటిషను తేలేలోపు పదవీకాలమే ముగిసిపోవడం చూసిన మనకు ఈ ఎనిమిది నెలలు వేగమనే అనిపిస్తాయి.

2025 ఫిబ్రవరిలో సభలో ఆమె సీటు మార్చారు. కొత్త సీటులో కూర్చోవడానికి నిరాకరించి మాట్లాడబోతే అవకాశం ఇవ్వలేదు. కొద్దిరోజులకే అరైజ్ టీవీ ముఖాముఖిలో సెనేట్ అధ్యక్షుడు గాడ్స్‌విల్ అక్పాబియో తనను లైంగికంగా వేధించారని ఆరోపించారు. ఆయన ఖండించారు. ఆమె సభలో ఇచ్చిన పిటిషనును నైతికవిలువల కమిటీ సాంకేతిక కారణాలతో తోసిపుచ్చి, ఆమె ప్రవర్తనపై మాత్రం చర్యకు సిఫార్సు చేసింది. ఆరోపణ నిజానిజాలు నేను చెప్పలేను. అయితే ఆరోపణకు గురైన వ్యక్తి అధ్యక్షత వహించే సభే ఆరోపించిన వ్యక్తిని శిక్షించడం ఏ నియమావళి ప్రకారమైనా సమర్థించుకోవడం కష్టం.

ఆపై రీకాల్ ప్రయత్నం. రాజ్యాంగం ప్రకారం నియోజకవర్గంలో నమోదైన ఓటర్లలో సగానికి మించి సంతకాలు కావాలి. 4,74,554 మంది ఓటర్లలో 2,08,132 సంతకాలే, అంటే 43.86 శాతమే, ఉన్నాయని ఎన్నికల సంఘం ఏప్రిల్ 3న ప్రక్రియను ఆపేసింది.

జులై 4న ఫెడరల్ హైకోర్టు న్యాయమూర్తి బింటా న్యాకో తీర్పు ఇచ్చారు. సీటు విషయంలో సెనేట్ అధ్యక్షుడిదే ఒప్పన్నారు, కోర్టు ధిక్కారానికి నటాషాకు 50 లక్షల నైరాల జరిమానా విధించారు. కానీ సభ ఏడాదికి 181 రోజులు కూర్చోవాల్సి ఉండగా అంత సుదీర్ఘ సస్పెన్షన్ మితిమీరినదనీ, ఓటర్లకు ప్రాతినిధ్యం లేకుండా చేస్తుందనీ స్పష్టం చేశారు.

ఈ మాట మనకు కొత్త కాదు. 2015 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ శాసనసభ నగరి ఎమ్మెల్యే రోజాను ఏడాదిపాటు సస్పెండ్ చేసినప్పుడు చర్చంతా ఎవరు ఎవరిని ఏమన్నారనే దాని చుట్టూ తిరిగింది, నగరి ఓటరు ఊసు తక్కువ. 2022 జనవరిలో మహారాష్ట్రకు చెందిన 12 మంది బీజేపీ ఎమ్మెల్యేల ఏడాది సస్పెన్షన్‌ను కొట్టివేస్తూ సుప్రీంకోర్టు ఆ ఓటరును గుర్తుచేసింది. సభ్యత్వం రద్దయితే ఉప ఎన్నిక వస్తుంది, సస్పెండైతే స్థానం ఖాళీ కూడా కాదు, ప్రతినిధీ ఉండరు. సమావేశానికి మించిన సస్పెన్షన్ బహిష్కరణ కన్నా ఘోరమన్నది ఆ తర్కం. రోజా పార్టీ వేరు, మహారాష్ట్ర ఎమ్మెల్యేల పార్టీ వేరు. ఒక ఉదంతంలో చప్పట్లు కొట్టినవారు రెండోదానిలో ప్రజాస్వామ్యం గురించి బాధపడటం చూశాం.

తీర్పు వచ్చాక కూడా నటాషాకు వెంటనే దారి దొరకలేదు. జులై 22న వెళితే పార్లమెంటు గేటు దగ్గరే ఆపేశారు. తీర్పులో తమకు ఆదేశమేదీ లేదని సెనేట్ వాదించింది. శిక్షాకాలం ముగిశాకే, సెప్టెంబరు 23న, కార్యాలయపు తాళం తీశారు. అప్పటికి ప్రభుత్వం ఆమెపై పెట్టిన క్రిమినల్ పరువునష్టం కేసు ఇంకా నడుస్తూనే ఉంది.