బధిరుల గురువులకు గురుకులము

వినికిడి లేని బిడ్డకు చదువు చెప్పుట యెట్లు? ఇది పాత ప్రశ్న. ఆ బిడ్డకు చదువు చెప్పు గురువును తయారుచేయుట యెట్లు, ఆ గురుపీఠమునకు ఎవరు అర్హులు అనునది అంతకంటె చిక్కైన ప్రశ్న. నేడు ప్రత్యేక విద్య అను పేర ఎం.ఎడ్. పట్టము వరకును విశ్వవిద్యాలయములలో బోధింపబడుచున్న శాస్త్రమునకు ఒక పాయ ఇక్కడనే పుట్టినది. ఈ ప్రసంగము ఎవరిని గురించియో వారికి రేడియోలో వినబడదు. పత్రికలో అచ్చుపడుట వలన చదువుకొనుటకైనను వీలు కలుగుచున్నందుకు మేము సంతోషించుచున్నాము.

అమెరికాలో హార్ట్‌ఫర్డ్ పట్టణమున మేసన్ కాగ్స్‌వెల్ అను వైద్యుడుండెను. ఆయన కుమార్తె ఆలిస్ శైశవముననే జ్వరము వలన వినికిడి కోల్పోయెను. ఆ దేశమున అప్పటికి అట్టి పిల్లలకు నిలుకడగా నడచిన పాఠశాల లేదు. పట్టణములోని పెద్దలు చందాలు వేసికొని, మతశాస్త్రము చదివిన థామస్ హాప్కిన్స్ గాలుడెట్ అను యువకుని ఆ విద్య నేర్చి రమ్మని 1815లో ఐరోపాకు పంపిరి.

బ్రిటనులో ఆ విద్య బ్రెయిడ్‌వుడ్ అను కుటుంబము చేతిలో నుండెను. వారు దానిని ఇంటి ఆస్తివలె కాపాడుకొనుచుండిరి. కొన్ని సంవత్సరములు తమ వద్ద సహాయకుడుగా కొలువు చేయవలెననియు, నేర్చినది రహస్యముగా ఉంచవలెననియు షరతులు పెట్టిరి. వేరు పేరు చెప్పిన మందు పారదని మన పల్లెలలోని నాటువైద్యులు అనుచుండుట మనకు తెలియనిది కాదు. గాలుడెట్ అందుకు ఒప్పుకొనలేదు. అదృష్టవశమున, పారిస్ పాఠశాల అధిపతి సికార్డ్ ఆ దినములలో తన బధిర శిష్యులైన మాస్యూ, లారెంట్ క్లెర్క్ అనువారితో లండనుకు వచ్చి బహిరంగ ప్రదర్శనములిచ్చుచుండెను. ఆ పాఠశాలను 18వ శతాబ్ది మధ్యభాగమున స్థాపించినవాడు ఎపే అను మతగురువు. తన పద్ధతిని అడిగినవారికెల్ల చూపుట ఆయన నియమము. గాలుడెట్ పారిస్ వెళ్లి కొన్ని మాసములు అభ్యసించెను. చేతిలోని పైకము తరిగిపోగా, క్లెర్కునే తనతో రమ్మని ప్రార్థించెను.

1816లో వారి ఓడ అట్లాంటిక్ దాటుటకు 52 దినములు పట్టినది. ఆ దినములలో క్లెర్క్ గాలుడెట్‌కు సంజ్ఞలు నేర్పెను. గాలుడెట్ క్లెర్కునకు ఇంగ్లీషు నేర్పెను. 1817 ఏప్రిల్ 15న హార్ట్‌ఫర్డ్ పాఠశాల తెరవబడెను. తరువాత ఇతర రాష్ట్రములలో వెలసిన పాఠశాలల ఉపాధ్యాయులు పలువురు ఇక్కడికే వచ్చి నేర్చుకొనిరి. అనగా అమెరికాలో ఈ విద్యకు ఆచార్యుల నాచార్యుడు స్వయముగా బధిరుడైన క్లెర్క్. ఈ మాటను శ్రోతలు జ్ఞాపకముంచుకొందురు గాక.

థామస్ గాలుడెట్ వివాహమాడిన సోఫియా ఫౌలర్ ఆ పాఠశాల తొలి విద్యార్థినులలో ఒకతె. ఆమె బధిరురాలు. వారి కడగొట్టు కుమారుడు ఎడ్వర్డ్ మైనర్ గాలుడెట్ 1857లో, ఇరువది యేండ్ల ప్రాయమున, వాషింగ్టనులోని ఒక నూతన పాఠశాలకు అధికారి యయ్యెను. దానికి పట్టములిచ్చు అధికారము కల్పించు శాసనముపై 1864 ఏప్రిల్ 8న లింకన్ సంతకము చేసెను. అంతర్యుద్ధము ముగియలేదు, ఆ కలకలములో ఇట్టి పనికి తీరిక దొరకుట విశేషమే. ఆ కళాశాల పట్టభద్రులలో అనేకులు బధిర పాఠశాలలలో ఉపాధ్యాయులైరి.

ఇంతలో గాలి మారినది. 1880లో మిలాన్ నగరమున సమావేశమైన విద్యావేత్తలు సంజ్ఞలను విడిచి, నోటిమాటను, పెదవుల కదలికను గ్రహించుటను మాత్రమే నేర్పవలెనని తీర్మానించిరి. 164 మంది ప్రతినిధులలో బధిరుడు ఒక్కడే, వాషింగ్టను నుండి వచ్చిన జేమ్స్ డెనిసన్. పలుకు నేర్పుటయే విద్య యైనపుడు, పలుకలేని గురువునకు చోటెక్కడిది? బధిర ఉపాధ్యాయులు క్రమముగా పాఠశాలలనుండి తొలగింపబడిరి.

1891లో ఎడ్వర్డ్ గాలుడెట్ తన కళాశాలలో, పట్టభద్రులకు ఉపాధ్యాయశిక్షణ నిచ్చు ఒక శాఖను నెలకొల్ప దలచి కాంగ్రెసును ధనసహాయ మడిగెను. టెలిఫోను నిర్మాత అలెగ్జాండర్ గ్రాహం బెల్ దానిని ప్రతిఘటించెను. బెల్ తల్లికి, భార్యకు వినికిడి లేదు. ఐనను బధిరులు బధిరులకు గురువులగుట ఆయనకు సమ్మతము కాదు. ఈ శాఖ అట్టివారినే తయారుచేయునని ఆయన వాదము. తాము వినికిడి కలవారినే చేర్చుకొందుమని గాలుడెట్ సమాధాన మిచ్చెను. కోరిన విధముగా నిధులు రాలేదు గాని, ఆ సంవత్సరమే శాఖ మొదలైనది. నియమము మాత్రము నిలిచిపోయినది.

ఈ రాజీ యుక్తమని వాదించువారు లేకపోలేదు. శాఖయే లేకుండుటకంటె ఇది మేలు కాదా అందురు. అందు సత్యము కొంత కలదు. హార్వర్డు పట్టభద్రుడైన పెర్సివల్ హాల్ ఇక్కడ శిక్షణ పొంది, 1910లో కళాశాలకు అధ్యక్షు డయ్యెను. మన దేశమునుండి, 1893లో స్థాపితమైన కలకత్తా బధిర పాఠశాలకు చెందిన యామినీనాథ బెనర్జీ ఇంగ్లండులోను, ఇక్కడను అభ్యసించి స్వదేశమునకు మరలెను. అట్టివారు బధిర విద్యార్థులతో కలిసి నివసించి, వారి సంజ్ఞలు నేర్చిరి. కాని మాకు ఆ నియమము మింగుడు పడదు. దాని ప్రకారము, తండ్రికి విద్య నేర్పిన క్లెర్క్ సైతము కొడుకు పెట్టిన శాఖలో విద్యార్థిగా చేరుటకు అర్హుడు కాకపోవును గదా! ఆ ఆవరణలోనే బి.ఏ. పొందిన బధిర యువకుడు, పక్కగదిలో జరుగుచున్న శిక్షణలోనికి అడుగిడ లేకపోయెను. తన భాషను నేర్చుకొనుటకు వచ్చిన అన్యులు పట్టముతో వెడలుచుండ చూచుచుండవలసినదే.

ఈ తలుపు తెరచుకొనుటకు దశాబ్దములు పట్టినది. ఆ కళాశాలలోనే ఇంగ్లీషు ఆచార్యుడైన విలియం స్టోకో, సంజ్ఞలు అభినయము కావనియు, తమ సొంత నిర్మాణము గల భాష యనియు 1960లో నిరూపించెను. 1965లో వెలువడిన నిఘంటువునకు ఆయన సహరచయితలిద్దరును, కాస్టర్లైన్, క్రోనెబర్గ్ అనువారు, బధిరులే. కాలిఫోర్నియాలోని శాన్ ఫెర్నాండో వ్యాలీ కళాశాల 1964లో తన స్నాతకోత్తర శిక్షణలో బధిరులకు ప్రవేశ మిచ్చెను. 1988 మార్చిలో గాలుడెట్ విశ్వవిద్యాలయమునకు మరల వినికిడి గలవారినే అధ్యక్షులుగా ఎన్నుకొనగా, విద్యార్థులు ద్వారములు మూసి వారము దినములు ఉద్యమించిరి. ఆ ఎన్నిక రద్దై, కింగ్ జోర్డన్ తొలి బధిర అధ్యక్షు డయ్యెను. స్థాపన నాటినుండి లెక్కింప 124 సంవత్సరములు.

మన దేశమున ప్రత్యేక విద్యకు క్రమబద్ధమైన శిక్షణ చాల ఆలస్యముగా వచ్చినది. బుద్ధిమాంద్యము గల పిల్లల కొరకు సికింద్రాబాదులో 1984లో జాతీయ సంస్థ ఏర్పడినది. 1992 నాటి పునరావాస మండలి చట్టము ఈ వృత్తికి పాఠ్యక్రమమును, నమోదును విధించినది. 2015లో ఢిల్లీలో భారతీయ సంజ్ఞాభాషా పరిశోధన, శిక్షణ కేంద్రము వెలసినది. అందు సంజ్ఞాభాషా బోధకులను తయారుచేయు డిప్లొమా ఒకటి కలదు. దానిలో ప్రవేశము బధిరులకు మాత్రమే.