తామరా, కలువా?

మొయినాబాద్, చేవెళ్ల వైపు చెరువుల్లో ఏది పూసినా తామర అనేయడం మనకు అలవాటు. మన మాట అంత మొద్దుది కాదు, అందులో తామర వేరు, కలువ వేరు. తామర తమిళంలో తామరై, కన్నడంలో తావరె, పాత చుట్టరికం. ఎరుపని చెప్పే ‘చెన్’ ముందు చేరితే కలువ చెంగలువ అవుతుంది, తామర చెందామర అవుతుంది. రంగు కలిసినా పేర్లు కలవలేదు.

కలువాకుకు అంచు నుంచి కాడదాకా చీలిక ఉంటుంది, నీటిమీదే పరుచుకుంటుంది. తామరాకుకు చీలికే ఉండదు. కాడ సరిగ్గా నడుమ అతుకుతుంది, ముదిరిన ఆకు నీటిపైకి లేస్తుంది, బొట్టు పడితే తడవకుండా దొర్లిపోతుంది. అంతరతామరైతే పేరుకే తామర. వేళ్లు మట్టినంటక నీళ్లలో వేలాడతాయి. ఇలాంటి చెరువుల్లోనే పూసే గుర్రపుడెక్క పేరు అచ్చతెలుగు, మొక్క మాత్రం దక్షిణ అమెరికాది!

ఈసారి పువ్వును ఫొటో తీసేముందు ఆకును చూడండి.