కొండదారి పరుగు – నేటాలు తెలుగువారు

హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్‌లో కాపురముంటున్న మన తెలుగు కుటుంబాలలో పరుగు అలవాటు చేసికొన్నవారు ఇప్పుడు తక్కువవారేమీ కారు. తెల్లవారకముందే అగర చెరువు గట్టున చేరి, ఎండ ముదిరేలోపల ఇండ్లకు తిరిగి వస్తాము. క్రిందటి చలికాలంలో ఒక ఆదివారంనాడు మేమందరము కలిసి నంది కొండకు పోయినాము. 1,478 మీటర్ల ఎత్తున ఉన్న ఆ కొండ మీదికి మెలికలు తిరిగిన దారిలో పరుగెత్తి ఎక్కడం, మళ్లీ దిగడం మా కార్యక్రమము. మాలో కొందరికి దక్షిణాఫ్రికాలో జరిగే కామ్రేడ్స్ పందెం మీద మనసు పోయినది; అందుకని ఈ సాధన.

దిగి వచ్చి ఇడ్లీలు తినుచుండగా, మాతో తోడు వచ్చిన ఒక పెద్దాయన అడిగినారు: “ఆ డర్బనులో మనవాళ్లు నూటయాభై ఏండ్లనుంచి ఉన్నారు గదా, వాళ్లు ఈ పందెంలో పరుగెత్తేవారా?” మా నోట మాట రాలేదు. బూట్ల ధరలన్నీ మాకు తెలుసును గాని ఈ సంగతి తెలియదు. తరువాత విచారించి తెలిసికొన్నదే ఇక్కడ వ్రాస్తున్నాము.

పందెం సంగతి ముందు చెప్పవలె. మొదటి ప్రపంచ యుద్ధంలో మరణించిన సైనికుల జ్ఞాపకార్థం, తానూ ఆ యుద్ధంలో పనిచేసిన విక్ క్లాఫమ్ అనే రైలు ఇంజను డ్రైవరు దీనిని తలపెట్టినాడు. 1921 మే 24న పీటర్‌మారిట్స్‌బర్గునుంచి డర్బనుకు 34 మంది బయలుదేరితే గమ్యం చేరినవారు 16 మంది. దూరము దాదాపు 90 కిలోమీటర్లు. సాధారణంగా ఒక ఏడు సముద్రతీరాన ఉన్న డర్బనునుంచి ఎగువకు, మరుసటి ఏడు దిగువకు పరుగెత్తుతారు. ఎగువకు పోయేవారికి కౌవీస్, ఫీల్డ్స్, బోథాస్, ఇంచాంగా అనే కొండలు వరుసగా ఎదురవుతాయి. కాళ్లలో సత్తువ ఉడిగిన తరువాత, చిట్టచివర పాలీ షార్ట్స్ వస్తుంది. దిగువ పరుగు సుళువనుకొనేరు. నంది దిగినవారినెవరినైనా అడగండి, వారి తొడలు చెబుతవి.

ఇక మనవారు. 1860 అక్టోబరులో మద్రాసు రేవునుంచి బయలుదేరిన ట్రూరో అనే ఓడ నవంబరు 16న డర్బను చేరినది. నాటినుంచి 1911 వరకు లక్షన్నరమందికి పైగా ఒప్పందపు కూలీలు నేటాలుకు పోయినారు. వారిలో ఎక్కువమంది మద్రాసులో ఓడ ఎక్కినవారే. గంజాం, విశాఖపట్టణం జిల్లాలనుంచి, ఉత్తర ఆర్కాటునుంచి మన తెలుగువారు చెరకుతోటల పనికి తరలిపోయినారు. నేటి చిత్తూరు ప్రాంతం అప్పుడు ఉత్తర ఆర్కాటులోనిదే. రాత్రి బస్సెక్కి తెల్లవారేసరికి బెంగుళూరులో దిగిన మనకు, నెలకు పైబడిన ఆ ఓడ ప్రయాణం ఊహకందేది కాదు.

ఒప్పందము ఐదేండ్లు. మొదటి ఏడు జీతము నెలకు 10 షిల్లింగులు. యజమాని ఇచ్చిన చీటీ లేకుండా కూలీ తోట విడిచిపోరాదు. చీటీ లేక దారిన దొరికితే శిక్ష. ఒప్పందం తీరినా ఊరికి పోకుండా, మళ్లీ ఒప్పందం వ్రాయకుండా అక్కడే నిలువదలచిన వారిపై 1895 చట్టము సాలుకు 3 పౌన్ల పన్ను వేసినది. మొదటి ఏటి లెక్కన అది ఆరు నెలల జీతము! ఈ పన్ను మీదనే 1913లో గాంధీగారి నాయకత్వాన రెండువేలమందికి పైగా జనము న్యూకాసిల్ దిక్కునుంచి ట్రాన్స్‌వాల్ సరిహద్దు దాటి కాలినడకన సాగినారు. పన్ను 1914లో పోయినది. 1893లో గాంధీగారిని రైలునుంచి దించివేసిన స్టేషను పీటర్‌మారిట్స్‌బర్గే. అంటే కామ్రేడ్స్ దారికి ఒక కొన అదే.

1931లో అక్కడి తెలుగువారు ఆంధ్ర మహాసభను స్థాపించుకొన్నారు. అప్పటికి పందెం పుట్టి పదేండ్లు. అయితే దానిలో చేరుటకు తెల్లజాతి పురుషులకే అర్హత. నల్లవారికి, భారతీయులకు, స్త్రీలకు ప్రవేశము లేదు. 1935లో రాబర్ట్ మ్త్‌షాలీ అనే ఆఫ్రికనుడు సంఖ్య లేకుండానే బయలుదేరి తొమ్మిదిన్నర గంటలలో పూర్తిచేసినాడు గాని, ఆనాటి ఫలితాలలో అతని పేరు ఎక్కలేదు. తరువాత జాతివారీ నివాస చట్టము వచ్చినది. డర్బను శివార్లలో, ఈ పరుగు దారికి దాపుననే ఉన్న కాటో మేనరులో కూరలు పండించుకొని బ్రతుకుచున్న భారతీయ కుటుంబాలు 1958 తరువాత ఆ నేల విడువవలసి వచ్చినది. ఇంటికి దాపునే సాగే పందెము, అందులో కాలు పెట్టుటకు హక్కు లేదు! చివరకు 1975లో గాని అన్ని జాతులవారికి, స్త్రీలకు ద్వారము తెరువలేదు.

పెద్దాయన ప్రశ్నకు జవాబు అదే. మొదటి పందెమునుంచి యాభైనాలుగేండ్లపాటు మనవారు అధికారికంగా పరుగెత్తలేదు, ఎత్తనివ్వలేదు. నేడు మన దేశమునుంచి పెద్ద బృందాలే అక్కడికి పోతున్నవి. బెంగుళూరువారు అందులో తక్కువ కారు. రుసుము కట్టి, ఒక మారథాను నిర్ణీత కాలంలో ముగించినట్లు చూపవలె.

2019లో నిర్వాహకులు మ్త్‌షాలీ పేర ఒక పతకము పెట్టినారు. తొమ్మిది గంటలు దాటి, పది గంటలలోపల గమ్యం చేరినవారికి అది ఇస్తారు. మాలో ఒకరు తెచ్చుకొంటే ఆ పతకమే తెచ్చుకొంటానని పట్టు పట్టినారు. ప్రస్తుతానికి నంది దిగిన మర్నాడు వారు మేడమెట్లు వెనక్కు తిరిగి దిగుతున్నారు.