వంశవృక్షం చూపిన జన్యువు

శ్రీకూర్మంలో పితృకార్యం జరిపించేవారు మూడు తరాల పేర్లు చెబుతారు. ఆ పూర్వీకులను బాధించిన వ్యాధులేవని అడిగితే మాత్రం చాలామంది వద్ద సమాధానం ఉండదు. వ్యాధి జన్యువుల అన్వేషణ చరిత్రకు మూలాధారం ఆ సమాచారమే.

క్రోమోజోముపై దగ్గరగా ఉన్న అంశాలు తరతరాలుగా జంటగానే సంక్రమిస్తాయి. దూరంగా ఉన్నవి తరచు విడిపోతాయి. ఈ సూత్రంతోనే 1913లో స్టర్టెవాంట్ పండ్ల ఈగ జన్యువులకు తొలి పటం గీశాడు. ఒక కుటుంబంలో వ్యాధితోపాటే ఒక డి.ఎన్.ఏ. గుర్తు కూడా సంక్రమిస్తూ ఉంటే, వ్యాధి జన్యువు దాని పొరుగునే ఉన్నదని భావించవచ్చు. ఇదే సహలగ్నత విశ్లేషణ. 1983లో హంటింగ్టన్ వ్యాధి జన్యువు 4వ క్రోమోజోముపై ఉన్నదని చూపినది వెనిజులాలోని ఒక పెద్ద వంశవృక్షమే. అసలు జన్యువు దొరకడానికి మరో పదేళ్లు పట్టింది.

మేనరికపు దంపతుల బిడ్డకు ఒకే పూర్వీకుని లోపజన్యువు తల్లినుండీ తండ్రినుండీ చేరవచ్చు. అప్పుడు దాని చుట్టూ ఉన్న డి.ఎన్.ఏ. ఖండం రెండు ప్రతులలోనూ ఒకేలా ఉంటుంది. ఆ ఖండమే జాడ అని 1987లో లాండర్, బాట్‌స్టైన్ సూచించారు. పసితనంలోనే కార్నియాను మసకబార్చే ఒక వంశపారంపర్య వ్యాధికి 1999లో ఇట్లాగే ఒక ఐర్లండు కుటుంబంలో 20వ క్రోమోజోముపై జాడ దొరికింది. 2006లో జన్యువు తెలిసింది. హైదరాబాదులోని ఎల్.వి.ప్రసాద్ నేత్రవైద్య సంస్థకు వచ్చిన కుటుంబాలలోనూ అదే జన్యువులో లోపాలున్నట్లు 2007లో వెల్లడైంది.

కనుక పెద్దలు ఉండగానే ఎవరికి ఏ వ్యాధి, ఏ వయసున వచ్చిందో, ఎవరిది మేనరికమో వ్రాసి ఉంచండి. సంబంధం నిశ్చయించుకొనే ముందు ఆ కాగితాన్ని వైద్యునికి చూపండి.