రెండుగా చీలిన గోదావరి యాత్ర
ఆనకట్టకు దిగువన పట్టిసీమ... ఎగువన పాపికొండలు

రాజమహేంద్రవరం: కోటిలింగాల రేవులో లాంచీ ఎక్కి, పట్టిసీమ వీరభద్రుని దర్శించి, పాపికొండల నడుమ సాగి, భద్రాద్రి రాముని పాదాల చెంతకు చేరడం గోదావరి వాసులకు తరతరాల ముచ్చట. 1973లో బాపు తీసిన 'అందాల రాముడు', 2006లో శేఖర్ కమ్ముల తీసిన 'గోదావరి' చిత్రాలకు ఈ ప్రయాణమే కథావస్తువు. పోలవరం వద్ద నదికి అడ్డుగా నిర్మాణాలు లేచాక ఆ యాత్ర రెండుగా చీలింది. ఆలయాలు, సంత ఊళ్లు చూడగోరే వారు ఇప్పుడు కొంత రోడ్డుపై, కొంత నదిపై ప్రయాణించక తప్పదు.

రాజరాజ నరేంద్రుని నగరం
యాత్రకు ఆరంభ స్థానం రాజమహేంద్రవరం. తూర్పు చాళుక్య ప్రభువు రాజరాజ నరేంద్రుని ఆస్థానంలో నన్నయ ఇక్కడే ఆంధ్ర మహాభారత రచనకు శ్రీకారం చుట్టారు. ఉదయాన్నే పుష్కర ఘాట్‌లో స్నానమాచరించి, మార్కండేయస్వామి ఆలయంలో పూజలు చేయించుకోవడం యాత్రికుల ఆనవాయితీ. తాడితోట వస్త్ర మార్కెట్‌కు చుట్టుపక్కల జిల్లాల వర్తకులు సరుకుకు వస్తారు. ధవళేశ్వరం వద్ద కాటన్ దొర పర్యవేక్షణలో 1847-52 మధ్య నిర్మితమైన ఆనకట్ట డెల్టా వ్యవసాయానికి ప్రాణం పోసింది. 2003, 2015లలో పుష్కరాలకు తరలివచ్చిన జనసంద్రం 2027లో మరోసారి ఈ రేవులకు రానుంది.

నది నడుమ వీరభద్రుడు
రాజమహేంద్రవరానికి సుమారు 40 కిలోమీటర్ల ఎగువన, ఏలూరు జిల్లా పోలవరం మండలంలో పట్టిసీమ ఉంది. నదీ గర్భంలోని దేవకూట పర్వతంపై వీరభద్రస్వామి, భద్రకాళి కొలువుదీరారు. దక్షయజ్ఞాన్ని ధ్వంసం చేసిన అనంతరం వీరభద్రుడు తన ఆయుధమైన పట్టిసాన్ని ఇక్కడి గోదావరిలో కడిగాడని, అందుకే ఈ పేరు వచ్చిందని స్థలపురాణం. ఇదే కొండపై భావనారాయణస్వామి ఆలయం కూడా ఉండటంతో శైవ, వైష్ణవ భక్తులిరువురికీ ఇది క్షేత్రమే. ఒడ్డు నుంచి పడవపై వెళ్లి మెట్లెక్కాలి. మహాశివరాత్రికి ఇసుక తిన్నెలు జనంతో నిండిపోతాయి. గోదావరి నీటిని కృష్ణా డెల్టాకు మళ్లించేందుకు 2015లో ప్రారంభించిన ఎత్తిపోతల పథకంతో ఈ పల్లె పేరు రాష్ట్రమంతటా మార్మోగింది.

ఇక్కడి నుంచి పడవలో పాపికొండలకు వెళ్లే వీలు లేదు. కొద్ది దూరంలోనే పోలవరం ప్రాజెక్టు అడ్డువస్తుంది. 2021 జూన్‌లో నదీ ప్రవాహాన్ని పాత దారి నుంచి స్పిల్‌వే వైపు మళ్లించారు. నాటి నుంచి పాపికొండలకు వెళ్లే వారు రోడ్డు మార్గాన ప్రాజెక్టును దాటి, ఎగువనున్న గండిపోచమ్మ ఆలయం వద్ద బోటు ఎక్కుతున్నారు.

నీట నానుతున్న గండిపోచమ్మ
దేవీపట్నం మండలం గొందూరు వద్ద నది ఒడ్డున వెలసిన గండిపోచమ్మ పరిసర గ్రామాలకు ఇలవేల్పు. ఆనకట్ట పనులతో ఎగువన నీరు ఎగదన్నుతుండటంతో వరదల కాలంలో ఆలయం మునిగిపోతోంది. నీరు తీసి, ఒండ్రు తొలగించే వరకు అమ్మవారి దర్శనం ఉండదు.

ఒకప్పుడు దేవీపట్నం రేవులో ఆగిన లాంచీల నుంచి ఉప్పు, కిరోసిన్, బట్టలు దిగేవి. కొండల మీది చింతపండు, కుంకుడుకాయలు, అడ్డాకులు, కొండచీపుర్లు, వెదురు దిగువకు తరలేవి. నేడు ఆ తీరంలోని ఊళ్లు ఖాళీ అయ్యాయి. నిర్వాసితులు గోకవరం, జంగారెడ్డిగూడెం తదితర మండలాల్లోని పునరావాస కాలనీలకు తరలారు. జలాశయాన్ని పూర్తి మట్టమైన 45.72 మీటర్లకు నింపితే 370కి పైగా నివాసాలు, లక్షకు పైగా కుటుంబాలు స్థానభ్రంశం చెందుతాయి. బోటులో సాగేవారు అందాలతో పాటు మొండిగోడలనూ చూస్తారు.

కొండల నడుమ మునివాటం
నది పాపిడిలా కొండలను చీల్చుకుంటూ సాగుతున్నందున పాపిడికొండలని, అదే కాలక్రమంలో పాపికొండలయిందని పెద్దలు చెబుతారు. 2008లో ఈ అటవీ ప్రాంతాన్ని జాతీయ ఉద్యానవనంగా ప్రకటించారు. కొల్లూరు వద్ద ఇసుక తిన్నెలపై వెదురు గుడిసెల్లో రాత్రి బస ఒకనాటి ఆకర్షణ.

వేలేరుపాడు మండలంలోని పేరంటాలపల్లి బోట్ల మజిలీ. బాలానందస్వామి నెలకొల్పిన శ్రీరామకృష్ణ మునివాటం, అందులోని శివాలయం, పక్కనే కొండపై నుంచి జాలువారే సెలయేరు సేదదీరుస్తాయి. కొండరెడ్లు వెదురుతో అల్లిన బుట్టలు, పూలసజ్జలు ఇక్కడే అమ్ముతారు. పడవలు ఆగిన రోజున వారి అమ్మకాలూ ఆగిపోతాయి.

శబరి కలిసే చోటు
భద్రాచలం వైపు నుంచి వచ్చేవారు వి.ఆర్.పురం మండలం పోచవరంలో బోటు ఎక్కుతారు. దారిలో శ్రీరామగిరి కొండపై రామాలయం ఉంది. కూనవరం వద్ద శబరి గోదావరిలో కలుస్తుంది. ఈ మండలాలు 2014 రాష్ట్ర విభజన సమయంలో ఆంధ్రప్రదేశ్‌లో కలిశాయి. మన్యం వారపు సంతల్లో గిరిజనులు అటవీ ఫలసాయం తెచ్చి అమ్మి, నిత్యావసరాలు కొనుక్కుంటారు. 1956లో ఏర్పడిన గిరిజన సహకార సంస్థ దళారుల బెడద తగ్గించేందుకు ఈ ఫలసాయాన్ని కొనుగోలు చేస్తోంది.

తెలంగాణలోని భద్రాచలంతో యాత్ర ముగుస్తుంది. 17వ శతాబ్దంలో పాల్వంచ తహసీల్దారు కంచర్ల గోపన్న ఈ ఆలయాన్ని నిర్మించి, గోల్కొండలో చెరసాల పాలయ్యారు. రామదాసుగా జనం గుండెల్లో నిలిచారు. సీతారాములు వనవాసం చేశారని చెప్పే పర్ణశాల ఇక్కడికి సుమారు 35 కిలోమీటర్లు.

కచ్చులూరు నేర్పిన పాఠం
2019 సెప్టెంబరు 15న గోదావరిలో దాదాపు 5 లక్షల క్యూసెక్కుల వరద పారుతున్నా పర్యాటకులతో బయలుదేరిన 'రాయల్ వశిష్ఠ' బోటు కచ్చులూరు వద్ద మునిగింది. 26 మంది మాత్రమే ప్రాణాలతో బయటపడ్డారు. నది అడుగున కూరుకుపోయిన బోటును అక్టోబరు 22న కాకినాడ మత్స్యకారుల బృందం వెలికితీసింది. తరువాత బోటు విహారం నిలిచిపోయి, 2021 నవంబరులో తిరిగి మొదలైంది. 2020లో గండిపోచమ్మ, పేరంటాలపల్లి, పోచవరం తదితర చోట్ల కంట్రోల్ రూములు ఏర్పాటయ్యాయి. అయితే కంట్రోల్ రూము ఎంత అప్రమత్తంగా ఉన్నా, ఎక్కేవారు లైఫ్ జాకెట్ విప్పి పక్కన పెడితే ఫలితం శూన్యం.

వెళ్లేవారికి సూచనలు
* నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు యాత్రకు అనుకూలం. వరదల కాలంలో బోట్లు నిలిపివేస్తారు. భద్రాచలం వద్ద నీటిమట్టం 43 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక జారీ చేస్తారు. 2022 జులైలో అది 71 అడుగులు దాటింది.
* బయలుదేరే ముందు రోజే బోట్లు నడుస్తున్నదీ లేనిదీ పర్యాటక శాఖ కార్యాలయంలో విచారించుకోవాలి.
* లైఫ్ జాకెట్ ఎక్కినప్పటి నుంచి దిగేవరకు ధరించాలి. పరిమితికి మించి జనాన్ని ఎక్కిస్తే ఆ బోటు ఎక్కరాదు.
* పట్టిసీమకు ఒక రోజు, పాపికొండలకు మరో రోజు కేటాయించుకుంటే హడావుడి ఉండదు.
* పేరంటాలపల్లిలో వెదురు వస్తువులు కొనేటప్పుడు గీచిగీచి బేరమాడవద్దు. ఆ ఊరికి దొరికే నాలుగు రూపాయలు బోట్లు నడిచిన రోజుల్లోనే.