ఒగ్గు కథ: కొలుపు నుంచి రంగస్థలం దాకా

ఒగ్గు అంటే శివుని చేతిలోని ఢమరుకం. దానిని వాయిస్తూ మల్లన్న, బీరప్ప, ఎల్లమ్మల చరిత్రలను పాటగా, మాటగా, ఆటగా చెప్పే కళ ఒగ్గు కథ. గొర్రెల పెంపకంతో బతికే కురుమలు, గొల్లలు తమ ఇలవేల్పులకు చేసే కొలుపుల్లో ఒగ్గు పూజారులు రంగుపొడులతో నేలమీద ‘పట్నం’ అనే పెద్ద ముగ్గు వేసి, దేవుని పెళ్లి జరిపించి, ఆ పెళ్లి కథను పాడేవారు. కళగా పేరు రాకముందు ఒగ్గు కథ ఇలా పూజలో భాగంగానే పెరిగింది. జనగామకు చేరువలో, నేటి సిద్దిపేట జిల్లాలో ఉన్న కొమురవెల్లి మల్లన్న క్షేత్రంలో శివరాత్రినాడు వేసే పెద్దపట్నంలో ఆ పూర్వరూపం ఇప్పటికీ కనిపిస్తుంది.

దేశి గానానికి ఈ నేల కొత్త కాదు. జనగామ జిల్లా పాలకుర్తికి చెందిన పాల్కురికి సోమనాథుడు సంస్కృత వృత్తాలను కాదని ద్విపదను చేపట్టినవాడు. శ్రీశైల యాత్రికులు పాడుకునే తుమ్మెద పదాలు, పర్వత పదాలు, వెన్నెల పదాల పేర్లను పండితారాధ్య చరిత్రలో నమోదు చేసి, చదువురాని జనం పాటకు కావ్యగౌరవం కల్పించినవాడు. ఇక తూర్పు అడవుల్లో, నేటి మహబూబాబాద్ జిల్లా పూనుగొండ్ల నుంచి తమ వేల్పు పగిడిద్దరాజును మేడారం జాతరకు తోడ్కొనిపోయే కోయలలో గాథలు పాడేవారు డోలీలు.

ఒగ్గు కథలో ప్రధాన కథకుడు కథ నడుపుతుంటే పక్కనున్న వంతగాడు ‘ఊ’ కొడుతూ, ప్రశ్నిస్తూ, నవ్విస్తూ సాగుతాడు. డోళ్లు, తాళాలు వారి మాటను పాటలోకి లాగుతాయి. కథ పెద్దల నుంచి వచ్చినదే అయినా పలుకు మాత్రం ఆ రాత్రి, ఆ ఊరి జనాన్ని చూసి కథకుడు అప్పటికప్పుడు కట్టుకున్నది కాబట్టి, అతనిని ఒప్పజెప్పేవాడిగా మాత్రమే లెక్కించడం అన్యాయం.

ఈ స్వేచ్ఛను నిండుగా వాడుకున్న కళాకారుడు చుక్క సత్తయ్య. ఆయన 1935లో జనగామ జిల్లా లింగాలఘనపురం మండలం మాణిక్యాపురంలో జన్మించారు. కులదేవతల కొలుపుకే పరిమితమైన కథను అన్ని కులాల శ్రోతల ముందుకు, రంగస్థలం మీదికి తెచ్చారు. పురాణ కథలనూ సామాజిక విషయాలనూ అదే బాణీలోకి ఒదిగించారు. స్త్రీపాత్ర వచ్చినప్పుడు గొంతు, నడక, కొంగు సర్దుకునే తీరు సైతం మార్చేవారు. ఇంత చేసినా ఆయన తన యాసను వదులుకోలేదు. వేల ప్రదర్శనలిచ్చిన ఆయనకు 2005లో కాకతీయ విశ్వవిద్యాలయం గౌరవ డాక్టరేటు ప్రదానం చేసింది. 2017 నవంబరు 9న ఆయన కన్నుమూశారు.

సోమనాథుని ద్విపదకు తెలుగు సాహిత్య చరిత్రలో అధ్యాయం దక్కింది. ఆ పక్క ఊళ్లలోనే రాత్రికొక కావ్యం కట్టిన సత్తయ్యకు జానపద విభాగంలో ఒక పేరా చాలదు. ఆయన ప్రదర్శనల ధ్వనిముద్రణలను అక్షరబద్ధం చేసి, కర్తగా ఆయన పేరుతోనే అచ్చువేసే పనిని విశ్వవిద్యాలయాలు చేపట్టాలి.