టికెట్ కౌంటరు ఎవరి చేతిలో?

సినిమా వ్యాపారంలో ఏలూరు, తాడేపల్లిగూడెం ‘వెస్ట్’ కిందికి వస్తాయి. ఒకప్పుడు ఇక్కడ పెద్ద హీరో బొమ్మ పడితే పెత్తనమంతా కౌంటరు గుమస్తాది, గేటు బయట బ్లాకులో అమ్మేవాళ్లది. టికెట్టు ఫోన్లోకి వచ్చాక తగాదా అమరావతికీ, ఢిల్లీకీ ఎక్కింది. ఎక్కడం కూడా ఒకే నెలలో ఎక్కింది.

2021 నవంబరులో సినిమాల చట్టాన్ని సవరించిన రాష్ట్ర ప్రభుత్వం, 2022 జూన్ 2న 69వ నంబరు జీవో ఇచ్చింది. ఆన్‌లైన్ టికెట్లు ఎవరు అమ్మినా ప్రభుత్వ ఫిల్మ్ డెవలప్‌మెంట్ కార్పొరేషన్ పోర్టల్ గుండానే అమ్మాలన్నది ఆ జీవో షరతు. వసూళ్ల లెక్క తేటగా ఉంటుందన్నది సర్కారు మాట. శుక్రవారం వసూలు సర్కారు చేతికి వెళ్తే తమకెప్పుడు అందుతుందన్నది థియేటర్ల దిగులు. మొదటి మూడు రోజుల మీదే బతికే వ్యాపారం కాబట్టి ఆ దిగులును కొట్టిపారేయలేం.

సరిగ్గా రెండు వారాలకు, జూన్ 16న, టికెట్ల యాప్ బుక్‌మైషో మీద దర్యాప్తుకు ఢిల్లీలోని కాంపిటీషన్ కమిషన్ ఆదేశించింది. ఫిర్యాదు వెళ్లింది హైదరాబాదు నుంచే, ‘షోటైమ్’ పేరుతో అదే వ్యాపారంలోకి దిగిన మనిషి నుంచి. బుక్‌మైషో వాళ్లు థియేటర్లకు ముందే డిపాజిట్లు ఇచ్చి, వేరే యాప్‌కు సీట్లు ఇవ్వకుండా ఒప్పందాలు రాయించుకుంటున్నారన్నది ఆరోపణ. కొల్లేరు చేపల రైతుకు ఇందులో వింతేమీ కనిపించదు. మేతకు పెట్టుబడి పెట్టిన వ్యాపారికే చేప తూచాల్సి రావడం అక్కడ చాలామందికి అనుభవమే. ఇక్కడ ఇంకో ముడి కూడా ఉంది. థియేటర్లో సీట్ల లెక్క చూసే న్యూజిలాండ్ సాఫ్ట్‌వేర్ ‘విస్టా’ను మన దేశంలో అమ్మింది బుక్‌మైషో మాతృసంస్థ బిగ్‌ట్రీయే. లోపలి లెక్కా, బయటి అమ్మకమూ ఒకే ఇంటివైతే కొత్తవాడు అడుగుపెట్టేదెక్కడ?

2002 నాటి కాంపిటీషన్ చట్టం ప్రకారం పెద్దవాడు కావడం తప్పు కాదు. ఆ పెద్దరికంతో పక్కవాడికి దారి మూసేయడం తప్పు.

జులై 1న మూడో మలుపు. బిగ్‌ట్రీ, మల్టీప్లెక్సుల పిటిషన్ల మీద హైకోర్టు జీవోను నిలిపేస్తూ మధ్యంతర ఉత్తర్వు ఇచ్చింది. ఢిల్లీలో గుత్తాధిపత్యం ఆరోపణ మోస్తున్న కంపెనీయే ఇక్కడ సర్కారు గుత్తాధిపత్యం మీద న్యాయం కోరింది. నవ్వొచ్చినా, ఆ వాదనలో పస ఉంది. పోటీదారే నిబంధనలు రాస్తే అది పోటీ కాదు.

యాప్ ఒక్కటే అయితే, అది కంపెనీదైనా ప్రభుత్వానిదైనా, కన్వీనియన్స్ ఫీజు కట్టేది ప్రేక్షకుడే. ఏలూరులో థియేటరు తన సీట్లను నాలుగైదు యాప్‌లకు ఒకేసారి ఇచ్చుకునే వీలుండాలి. సర్కారు పోర్టల్ కూడా వాటిలో ఒకటిగా ఉండొచ్చు, అన్నిటికీ గేటుగా మాత్రం కాదు.